పన్నెండు దాటినంక

మొదటి ఏడు, దమ్మాంల, ఆఫీసాయన వచ్చి
"ఇయ్యాల రాత్రి విండో బంద్ అయితది" అంటే
నేను వోయి కిట్టు రూము కిటికీకి గొళ్లెం పెట్టొచ్చిన.
సుకుమారన్ నవ్వి నవ్వి చాయ్ ఒలకవోసిండు.
ఆ మరక ఇస్త్రీ బల్ల మీద ఇంకా ఉంది.

ఇప్పుడు ఎరుకే.
ఏడాదికి రెండు మాట్ల తెరుస్తరు,
ఉడుకపోతల ఒకపారి, జనవరి చలిల ఒకపారి.
గప్పుడే మనిషి ఒక క్లబ్బు ఇడిసి ఇంకో క్లబ్బు వట్టాలె.
తతిమ్మా దినాలల్ల సంచెడు రియాళ్లు కుమ్మరించినా
పేరు ఎక్కదు రిజిస్టర్ల.
పదకొండు యాభై తొమ్మిది ఒక దేశం,
పన్నెండు ఇంకో దేశం.

నా పని అక్షరాలు.
అంగీ వెనుక పేరు, పేరు కింద నంబరు.
నూట యాభై డిగ్రీల కాక, పదిహేను సెకన్లు, మీద బరువు.
మూత లేపితే ఆ మనిషి ఈ ఊరోడయినట్టే.
ఎవ్వలచ్చినా పేపరోళ్లకన్న ముందుగాల నాకే తెలుస్తది,
వాని పెండ్లానికన్న ముందు గూడ గావచ్చు.

మొన్న ఆఖరి రాత్రి.
పరాయి దేశపోళ్లకు మా జట్టుల ఎనిమిది కుర్చీలే.
తొమ్మిదోడు కూసోవాలంటే ఒకడు లేవాలె.
లేవాల్సినోడు బకారీ, మాలీ దేశపు పిల్లగాడు.
వాని ఎడమ కాలు దగ్గరికి బంతి
సాదుకున్న పిల్లి లెక్క వస్తది.
కువైట్ క్లబ్బు కొంటమన్నది. మెడికల్ అయింది. సంచి సదురుకున్నడు.

పదకొండున్నరకు పైకెల్లి ఫోను:
"పదకొండో నంబరు మీద కొత్త పేరు కొట్టు."
కొట్టిన. పొడుగు పేరు, భుజం నుంచి భుజం దాకా.
బకారీ పేరు తీసేసిండ్రు, కొత్తోని పేరు ఎక్కిచ్చిండ్రు,
ఇగ కువైటోళ్లు రాసింది, మనోళ్లు రాసింది
ఒక్క తీరుగ ఉండాలె, గంతే.

అరబ్బీల ఏడును తలకిందులు జేస్తే ఎనిమిది.
ఎవడో తారీఖుల ఒక్క అంకె తిప్పి రాసిండు.
అది సుదురాయించేటాళ్లకు పన్నెండు దాటి రెండు నిమిషాలు.

పిల్లగాడు బూట్ల కోసం కిందికి వచ్చిండు.
తువ్వాలల కుప్ప మీద కూసున్నడు.
"లింబా, నేనిప్పుడు ఎవ్వలోణ్ణి?"
ఒప్పందం ఈడనే ఉంది, జీతం ఈడనే వస్తది,
జనవరి దాక ఆడనీకి మాత్రం ఈడ లేడు, ఆడ లేడు.

నాకొచ్చిన తుంటరి అరబ్బీల చెప్పిన వానికి:
నేను సుత గట్ల ఎనిమిది నెలలున్న.
పాత కఫీల్ తనాజుల్ కాయిదం ఇయ్యడు,
కొత్తోడు అది లేంది పెట్టుకోడు.
సీకో గల్లీల పదకొండు మందిమి ఒక్క అర్రల,
పోలీసు బండి సప్పుడైతే దీపం ఆర్పుకునేది.
నాకు మెడికల్ లేదు, ఫోటో తియ్యలే, అంగీ పట్టుకొని నిలవడలే.
ఏ రాత్రికి బంద్ అయితదో చెప్పినోడు గూడ లేడు.

"నీకు జీతం వచ్చేదా?"
"ఎక్కడిది."
జరసేపు మాట్లాడలే.
నాదే పెద్ద కష్టం అన్నట్టు చెప్పినందుకు నాకే సిగ్గయింది.
వాడు మోకాలు వత్తుకుంట, "నాకు వస్తది లింబా,
కానీ కాలుకు ఆ సంగతి ఎవ్వలు చెప్పాలె" అన్నడు.

వాడు వోయినంక పాత అంగీకి కాక పెట్టి
ఒక్కొక్క అక్షరం పీకిన. ఇంగ్లీషుల ఆరు.
బట్ట మీద జాడ మిగిలింది,
దీపం కిందికి వంచితే చదువొచ్చు.

పొద్దుగాల ప్రాక్టీసుకు అందరికన్న ముందే దిగిండు,
పేరు లేని అంగీల.
నేను నీళ్ల డబ్బలు మోసుకుంట అంచుపొంటి వోతుంటె
బంతి నా దిక్కు తన్నిండు.
చేతులు ఖాళీ లేవు.
కాలుతోనే ఆపిన.